ఫార్మాట్ కొట్టే ముందు

మేడ్చల్ రైల్వే గేటు దగ్గర నా ఎస్టీడీ, జిరాక్స్ దుకాణానికి ఆనుకొని ఉన్న మడిగె ఇస్తారిది. మొదట్లో రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. కేబుల్ టీవీ వచ్చాక రేడియోలు ఎవరూ తేవడం లేదని తొంభైతొమ్మిదిలో అల్వాల్ వెళ్లి కంప్యూటర్ పని నేర్చుకొచ్చాడు. అప్పటినుంచి కొంపల్లి విల్లాల వాళ్లూ, బౌరంపేట బడుల వాళ్లూ సీపీయూ డబ్బాలను ఒళ్లో పెట్టుకొని ఆటోల్లో దిగేవారు. అందరిదీ ఒకటే మాట: "ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కియ్యన్నా, జల్దీ."

ఈ జల్దీ అన్న మాటే ఇస్తారికి గిట్టదు. వచ్చినవాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, "ఇండ్ల నీదేమున్నది?" అని, అంటే ఆ డబ్బాలో దాచుకున్నదేముందని, అడుగుతాడు. "ఏం లేదు" అంటే మళ్లీ అడుగుతాడు. డెస్క్‌టాప్ మీద ఉన్నది సీ డ్రైవ్‌లో ఉన్నట్టేనని, ఫార్మాట్ కొడితే అది కూడా పోతుందని పిల్లలకు చెప్పినట్టు చెప్తాడు. మూడోసారి అడిగేసరికి మనిషికి చిర్రెత్తుకొస్తుంది. కొందరు డబ్బా ఎత్తుకొని వెళ్లిపోయేవారు కూడా.

"నువ్వు కంప్యూటర్ రిపేరు చేస్తున్నవా, పోలీసు పంచనామా చేస్తున్నవా?" అని నేను గోడ ఇవతలి నుంచి అరిచేదాన్ని. నాకు ఓపిక తక్కువ. అతనికి ఎంత ఉందో నాకు ఈరోజుకీ తెలియదు.

ఆ అలవాటు వెనక ఒక సంగతి ఉంది. కంప్యూటర్ పని మొదలుపెట్టిన కొత్తలో గౌరయ్య సారు అనే రిటైరైన టీచర్ కంప్యూటర్ తెచ్చాడు. ఇస్తారి డీ డ్రైవ్ మాత్రమే కాపీ తీసి, మిగతాదంతా తుడిచేసి, విండోస్ ఎక్కించి ఇచ్చాడు. సారు రెండేళ్లు కూర్చుని రెండు వందల పేజీలు టైపు చేసిన తన ఊరి ముచ్చట్లన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి. అవి లేవని తెలిసి సారు తిరిగొచ్చాడు. ఇస్తారి తెప్పించిన టీ తాగి, "నాదే తప్పు బిడ్డా, చెప్పలే" అని లేచిపోయాడు. తిట్టి ఉంటే ఇస్తారి మరిచిపోయేవాడు. ఆ టీ గ్లాసు ఆయన నెమ్మదిగా కింద పెట్టిన తీరు మాత్రం మరిచిపోలేకపోయాడు.

2006లో, శ్రావణ అమావాస్య మర్నాడు, శామీర్‌పేట నుంచి ఫోటో స్టూడియో వీరభద్రం వచ్చాడు. డబ్బా ఆన్ చేస్తే లోపల హార్డ్ డిస్క్ టక్ టక్ మంటోంది, తెర మీద ఏమీ రావడం లేదు.

"కింద పడ్డదా అన్నా?"

"పడలే. అమాస పూజ జేసిన."

రోడ్డు మీద కొత్త స్టూడియో పడి గిరాకీ తగ్గిందట. లారీలకు దిష్టి తీసినట్టు కంప్యూటర్‌కూ తీద్దామని, డబ్బా కింద నాలుగు మూలలా నిమ్మకాయలు పెట్టి రెండు చేతులతో అదిమాడట. మూడు చితికాయి. నాలుగోది చితకలేదని డబ్బాను ఎత్తి గట్టిగా కుదేశాడు. అదీ, ఆన్‌లో ఉండగా!

నేను పడీపడీ నవ్వాను. ఇస్తారి నవ్వలేదు. "ఇండ్ల నీదేమున్నది?" అని అడిగాడు.

"పెండ్లి ఫోటోలన్ని సీడీల ఇచ్చేసిన. నాదేం లేదు. కొత్త డిస్క్ ఎయ్యి" అన్నాడు వీరభద్రం, మూడుసార్లు అడిగినా మూడుసార్లూ అదే మాట. ఇస్తారి కొత్త డిస్క్ వేసి పంపించాడు. పాతదాన్ని పారేయడానికి చేతులు రాక బిస్కెట్ల డబ్బాలో పెట్టాడు.

పెత్రమాసకు, అంటే మహాలయ అమావాస్యకు, నాలుగు రోజులుందనగా ఈదమ్మ వచ్చింది. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఎల్లయ్య భార్య. ఎల్లయ్య ఏడాది కింద పచ్చకామెర్లతో పోయాడు. ఆమె గడప బయటే నిలబడి, "తమ్మీ, మా ఇంటాయన ఫోటో నీ కాడ ఉన్న డబ్బల ఉన్నదట గదా" అంది.

ఎల్లయ్య బతుకులో దిగిన ఫోటో అదొక్కటే, చేపల సొసైటీ కార్డు కోసం. తీసిన నాలుగు ప్రింట్లూ దరఖాస్తులకే అతికించారు. ఎప్పుడొచ్చినా పెద్దది చేసిస్తానని వీరభద్రం చెప్పాడు కాబట్టి ఆమె నిశ్చింతగా ఉంది. ఏడాది నిండాక వచ్చే మొదటి పెత్రమాస ఇది. పెద్దల పేరున బియ్యమిచ్చేటప్పుడు ఫోటో పెట్టుకుందామనుకుంది. స్టూడియోకు వెళ్తే, అది ఉన్న పాత డిస్క్ మేడ్చల్‌లో ఇస్తారి దగ్గరే ఉండిపోయిందన్నారు.

"ఆయన మొకం యాదికొస్తలేదు తమ్మీ," అంది ఈదమ్మ. "ముక్కు యాదికొస్తే కండ్లు వస్తలేవు. అందరికి గిట్లనే అయితదా?"

ఇస్తారి బిస్కెట్ల డబ్బా తీశాడు.

ఆ సాయంత్రం దాకా ఎన్నిసార్లు తగిలించినా టక్ టక్కే. చివరికి నా దగ్గరికొచ్చి, "శోభక్కా, నీ ఫ్రిజ్ గావాలె" అన్నాడు. సల్లబడితే ఇటువంటి డిస్కులు కొన్నిసార్లు పది నిమిషాలు తిరుగుతాయట, తర్వాత ఇక ఎప్పటికీ తిరగవట. రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి మా ఇంటి ఫ్రిజ్‌లో ఐసుగడ్డల అరలో పెట్టాను. మర్నాడు పొద్దున్నే మా అత్త బుచ్చమ్మ అది పట్టుకొని, "గిదేం కూరనే, ఇంత గట్టిగున్నది?" అని నా ప్రాణం తీసింది. దాన్ని టిఫిన్ డబ్బాలో ఐసు మధ్య పెట్టుకొని దుకాణానికి తెచ్చాను.

మళ్లీ వచ్చిన ఈదమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి ఇస్తారి అడిగాడు. "అక్కా, వేల ఫోటోలుంటయ్. ఎతుకుతే టైం సాలదు. వీరభద్రన్న తారీఖుల పేరుతోని దాస్తడు. ఏ రోజు దిగిండో యాదికున్నదా?"

"తారీఖు నాకెట్ల ఎరుక? మా ఊరి బోనాలైన తెల్లారి. గుమ్మానికి కట్టిన ఏపాకు ఇంక వాడలే."

బద్ధకం కొద్దీ నేను కొత్త క్యాలెండర్‌ను పాతదాని మీదే తగిలిస్తాను. జీవితంలో ఆ బద్ధకం అక్కరకొచ్చింది ఆ ఒక్కరోజే. నిరుటిది పైకి తీసి చూశాం. ఈదమ్మ ఊళ్లో బోనాలు ఆషాఢంలో చివరి ఆదివారాల్లో ఒకటి. "నల్లపోచమ్మ ఘటం మా ఇంటికొచ్చిన బోనాల దినం పున్నమి దాటి మూడోనాడు" అని ఆమె వేళ్ల మీద లెక్క చెప్పింది. జూలై ఇరవైనాలుగు. తెల్లారి ఇరవైఅయిదు, సోమవారం.

ఇస్తారి డిస్క్ తగిలించాడు. టక్కుమంది. మళ్లీ టక్కుమంది. ఆ తర్వాత సన్నగా, ఒకే ధారగా తిరగసాగింది. నేను నా జిరాక్స్ మిషన్ ఆపేశాను, ఎందుకో తెలియదు. ఇరవైఅయిదో తారీఖు ఫోల్డర్ పట్టుకొని కాపీ కొట్టాడు. కాపీ అవుతున్నట్టు తెర మీద కాగితాల బొమ్మలు ఒకదాని వెనక ఒకటి ఎగురుతున్నాయి. కరెంటు పోకుండా చూడమని పోచమ్మకు మొక్కాను. ఆరో నిమిషంలో డిస్క్ కీచుమని ఆగిపోయింది. ఇస్తారి ఎంత తట్టినా ఇక లేవలేదు.

కాపీ అయినవి పదకొండు. అందులో ఎల్లయ్యవి రెండు. మొదటిది, కార్డు కోసం ప్రింటు వేసినది, నుదురు వరకే ఉంది. కింద అంతా బూడిద రంగు. ఈదమ్మ ఆ నుదుటినే చూస్తూ తెర దగ్గరికి జరిగింది.

రెండోది పూర్తిగా తెరుచుకుంది. అది వీరభద్రం పనికిరాదని పక్కన పడేసిన ఫోటో. అందరికీ తొడిగే స్టూడియో నల్లకోటు వేసుకొని ఎల్లయ్య ఎవరినో చూసి నవ్వుతున్నాడు. పక్క నుంచి మోచేతి దాకా ఒక చెయ్యి వచ్చి ఆ కోటుకు గుండీ పెడుతోంది. చేతి నిండా పచ్చగాజులు.

"నవ్వకు, నిలకడగుండు అంటే ఇనలే," అంది ఈదమ్మ. అంత మెల్లగా మాట్లాడిన మనిషి బొటబొటా కన్నీళ్లు కార్చింది. తెర మీద ఎల్లయ్య కండ్లను వేలితో తాకింది. "గివే. గివే కండ్లు."

నేను కొంగుతో మొహం కప్పుకున్నాను. ఇస్తారి మెత్తగా అన్నాడు. "అక్కా, బతికున్నోళ్ల చెయ్యి దండ కింద ఉంటే మంచిది కాదంటరు. స్టూడియోల చెప్పి గా చెయ్యి తీసేపిస్త. గుర్తు కూడా పట్టరు."

ఈదమ్మ తన చేతులను చూసుకుంది. ఏడాదిగా అవి బోసిగానే ఉన్నాయి.

"వద్దు బిడ్డా," అంది. "నా గాజులు ఆయనతోనే పోయినయ్. గా చేతికన్న ఉండనియ్యి."

వచ్చిన ప్రతివాణ్ణీ నీదేముందని మూడేసిసార్లు అడిగే ఇస్తారి, ఆ చేతిని మాత్రం అడగకుండానే తుడిచేయబోయాడు. తలదించుకొని, "తప్పయింది అక్కా" అన్నాడు. ఆ ఫోటోను ఉన్నదున్నట్టు సీడీలో ఎక్కించి, స్టూడియోలో అట్లనే పెద్దది చేయించుకొమ్మని ఆమె చేతిలో పెట్టాడు.