ఊక గ్యాసు పటం

మిల్లు వెనక ఊక కుప్ప తగలబడుతుంటే ఇప్పటికీ నేను అటు చూడలేను.

అరవైల చివరి రోజులు. విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళ్ళే బస్సుల్ని పోలీసులు నక్సలైట్ల కోసం ఎక్కడ పడితే అక్కడ ఆపి సోదా చేసేవారు. ఆ రోజు నా పక్కన కూర్చున్న ముసలాయన ఒళ్ళో గోనెసంచి ఉంది. అందులోంచి ఇనుప గొట్టమొకటి పొడుచుకొచ్చింది. నేను దాన్నే చూస్తూ కిటికీ వైపు జరిగాను.

"ఏటి బాబూ, అలా సూస్తన్నావు? బాంబు కాదులే," అని నవ్వాడు. "తెల్లోళ్ళ కాలంలో, యుద్ధం రోజుల్లో పెట్రోలు లేక బస్సులు బొగ్గు గేసుతో నడిసేవి. నేను అలాటి బస్సుకి డ్రైవర్ని. పొద్దున్నే బొగ్గు రాజేసి, గొట్టంలోంచొచ్చే గేసుకి అగ్గిపుల్ల పెట్టీవోళ్ళం. మంట నిలబడితేనే బండి కదిలీది. యుద్ధం అయిపోనాక అందరూ మరిసిపోనారు. ఇప్పుడు మిల్లుల కాడ ఉత్తినే తగలెట్టేస్తన్న ఊకతోనూ అలాగే గేసు తీసి పొలంలో నీళ్ళ ఇంజిను తోలొచ్చు. నేను తోలినాను."

నాగావళి వంతెనకి ఇవతల బస్సు ఆగింది. కానిస్టేబులు సంచి తడిమి ఆయన్ని దిగమన్నాడు. ఆయన లేస్తూ, మడతపెట్టిన కాగితం నా అరచేతిలో పెట్టి నా వేళ్ళు మూశాడు.

"ఇంజిను పటం. సదువుకున్నోడివి, దాసిపెట్టు బాబూ."

ఆయన్ని దింపేసి బస్సు కదిలింది. అవతల గట్టున కూడా సోదా ఉందని వెనక ఎవరో అన్నారు. ఆ కాగితం నా దగ్గర దొరికితే నన్నూ దింపేస్తారనిపించింది. వంతెన మధ్యలో ఆ కాగితాన్ని, మడత కూడా విప్పకుండా, కిటికీలోంచి నదిలోకి వదిలేశాను.

అవతల గట్టున మా బస్సునెవరూ ఆపలేదు.