పూడ్చిన దొరువు

నిన్న పొద్దున కాలనీ నుంచి ఫోన్. పోలమ్మ పోయిందట.

మొన్న సాయంత్రం దాకా ఉప్పుటేరులో పీతలు పట్టిన మనిషి. రాత్రికి వాంతులు, విరేచనాలు. ఆటో కోవూరు ఆసుపత్రి చేరకముందే ప్రాణం పోయింది.

శ్రీహరికోటలో రాకెట్ ఎగిరితే ఆ కాలనీ ఇసుకలో నిలబడి చూడొచ్చు. అక్కడ ఒక మనిషి మురికినీళ్లు తాగి చచ్చిపోయింది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. సముద్రం ఒడ్డున ఉన్న ఆ యానాది కాలనీలో మా ఆరోగ్య కమిటీ అంటే పోలమ్మే. ఏ మందైనా, ఓఆర్‌ఎస్ అయినా, ముందు ఆమె తాగి చూపించాలి. అప్పుడే మిగతావాళ్లు నోరు తెరిచేవాళ్లు.

వాళ్లు తాగేది దొరువు నీళ్లు. ఇసుకలో తవ్విన గుంట, అడుగున తియ్యటి నీరు. వానాకాలంలో మురికి దిగి పిల్లలు జబ్బుపడేవాళ్లు. గట్టు కట్టి, మూతేసి, క్లోరిన్ వేద్దామని కమిటీ మీటింగులో నేనన్నాను. మా కమిటీ ప్రెసిడెంటు వినలేదు. నీళ్ల ప్లాంటు పెట్టిస్తా, దొరువు పూడ్చేయండి అన్నాడు.

ఓపెనింగ్ రోజు పోలమ్మ అతన్నే అడిగింది.

"నీళ్లకి గూడా కరెంటు కావాల్నా సార్? కరెంటు పోతే దప్పి గూడా పోద్దా?"

అందరం నవ్వాం. అతను ఇంకా గట్టిగా నవ్వి, "నేనుండాను గదమ్మా" అన్నాడు.

ఆ మాట నమ్మి దొరువులో మొదటి పార ఇసుక ఆమే వేసింది. ఆమె వేశాకే కాలనీ వేసింది.

ఎండాకాలంలో ప్లాంటు మోటారు కాలిపోయింది. ఇప్పటికీ అలాగే ఉంది. పూడ్చిన దొరువు మీదుగా ప్రెసిడెంటుగారి రొయ్యల గుంటలకు లారీల బాట పడింది.

కాలనీ పక్కనున్న మురికి కాలవ నీళ్లు తాగడానికి దిగింది.

నిన్న నీ పోస్టు చూశాను ప్రెసిడెంటుగారూ. రిబ్బన్ కట్ చేసిన నాటి ఫొటో. పక్కన పోలమ్మ గ్లాసెత్తి తాగుతోంది. "మా కుటుంబ సభ్యురాలిని కోల్పోయాం" అని రాశావు.

మీ కుటుంబంలో ఇంకెవరు తాగుతున్నారు ఆ కాలవ నీళ్లు?

ఒకే బల్ల మీద చదువుకున్నాం మనం. పుస్తకాల్లో చాలామంది ద్రోహుల్ని చూశాను. ఒక్కడూ నీ అంత ప్రేమగా నవ్వలేదు.

రేపు కాలనీవాళ్లు ఆ బాట తవ్వుతున్నారు. ఈసారి గట్టూ మూతా ఉంటాయి. అడుగున నీళ్లు ఇంకా తియ్యగా ఉన్నాయో, నీ గుంటల ఉప్పు దిగిందో, తవ్వితేగాని తెలియదు. పార పట్టే ఓపిక నాకు లేదు. బాటకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంటాను. నీ లారీలు ఆపుకో.

పోలమ్మా, ఇక ఎవరికోసమూ నువ్వు ముందుగా తాగి చూపించక్కర్లేదు.

చల్లగా పడుకో తల్లీ.