కూడలిలో ఉన్నది నూకరాజు కాదు

ఈ మాట మీకే మొదట చెబుతున్నాను. కట్టుకున్నవాడికి చెప్పలేదు, కన్నకూతురికి చెప్పలేదు. చేపముల్లు గొంతుకి అడ్డం పడితే ఉత్త అన్నం ముద్ద మింగమంటారు. ఎన్ని ముద్దలు మింగినా ఇది దిగలేదు. జాలరిపేట మలుపు దగ్గర కూడలిలో మీసం మెలేసిన సైనికుడి విగ్రహం ఉంది కదా, కింద నూకరాజు అని పేరు చెక్కి ఉంది కదా, ఆ ముఖం నూకరాజుది కాదు. పెట్టించింది నేనే. తెలిసే పెట్టించాను.

పశ్చాత్తాపపడుతున్నానా అంటారా? ఆగండి. నన్ను అంత తొందరగా ఏడిపించకండి. ముందు జరిగింది వినండి.

మా నాన్న స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి గోదావరి జిల్లా నుంచి వచ్చాడు. నేను ఉక్కునగరంలోనే పెరిగి, దగ్గర్లోని బళ్లో సోషల్ టీచరునయ్యాను. మా సెక్టారు మార్కెట్టుకి జాలరిపేట నుంచి పోలమ్మ చేపలు తెచ్చేది. ఒకరోజు నేను వంజరం ధర తగ్గించమని పట్టుబడుతుంటే, విసుగొచ్చి కాబోలు, "మా పెద్ద గుంటడు మిలట్రీల సచ్చిపోనాడమ్మా. ఆడే ఉంటే నానీ ఎండలో కూకుందునా?" అంది. అప్పటికి ఎన్నో ఏళ్లుగా ఆవిడ దగ్గర కొంటున్నాను. ఒక్కనాడైనా నీకెంతమంది పిల్లలు అని అడగలేదు. ఎక్కడెక్కడి వీరుల పాఠాలో గొంతు చించుకుని చెప్పేదాన్ని, నా ఎదురుగా గంప పెట్టుకుని కూర్చున్నది ఒక వీరుడి తల్లి అని తెలియదు. సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే నూకరాజు కథ వెతకడం మొదలుపెట్టాను.

సెలవు దొరికితే జాలరిపేట, లేదంటే ఫిషింగ్ హార్బర్. తెల్లారకముందే వెళ్లాలి, చేపల వేలం అయిపోతే అక్కడ ఎవరూ నిలబడి మాట్లాడరు. ఐసు మోసేవాళ్లని, వలలు బాగుచేసే ముసలాళ్లని, అతనితో గోళీలాడిన వాళ్లని, అందరినీ పీక్కుతిన్నాను. నూకరాజుకి సముద్రం పడేది కాదట. బోటెక్కితే చాలు, వాంతులు. జాలరోళ్ల ఇంట ఎలా పుట్టావురా అని ఈడువాళ్లు ఏడిపించేవారట. ఆ పౌరుషంతోనే ఇసకలో పరుగులు తీసి తీసి సైన్యంలో చేరాడు. మొదటి సెలవుకి వస్తూ తల్లికి ఉన్ని శాలువా తెచ్చాడు. విశాఖ ఉక్కపోతలో ఉన్ని శాలువా! పోలమ్మ దాన్ని చుట్టకుదురుగా చేసుకుని, నెత్తిన పెట్టుకుని, దానిమీద గంప ఎత్తుకునేది. యుద్ధంలో ఒక మంచు కొండ మీద నుంచి, గాయపడ్డ తోటివాణ్ణి భుజాన వేసుకుని కిందికి దించాడు. ఇంకొకణ్ణి తేవడానికి మళ్లీ ఎక్కి, అక్కడే పోయాడు. ఇదంతా నేను మనిషి మనిషినీ అడిగి పోగుచేసిందే. ఇందులో అబద్ధం లేదు.

అప్పుడే ఆ కూడలిలో పీఠం ఒకటి కట్టారు. దానిమీద విగ్రహమై ఎక్కడానికి ఒక నాయకుడి తండ్రిగారు సిద్ధంగా ఉన్నారు. ఆయన చేసిన ఘనకార్యం ఆ కొడుకుని కనడమే. నేను విగ్రహ కమిటీ వాళ్లతో గొంతు పోయేదాకా దెబ్బలాడాను. చివరికి ప్రెసిడెంటు గారు సరేనన్నారు. మంత్రిగారి తేదీ ఖాయమైంది, ఆ రోజుకి మీ సైనికుడి విగ్రహం తయారైతే సరి, లేకపోతే ముందనుకున్నట్టే చేస్తాం అన్నారు. ఇక కావలసింది ఫోటో. పోలమ్మ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోటో తుపానులో రేకులతో పాటు కొట్టుకుపోయింది. రాసి అడిగితే సైన్యం రికార్డుల్లోంచి దొరికేదే. ఆగే ఓపిక కమిటీకి లేదు, నాకూ లేదు.

విజయనగరం దగ్గర ఒక పల్లెలో, సైన్యంలో నూకరాజుతో కలిసి పనిచేసిన సింహాచలం అనే అతన్ని పట్టుకున్నాను. అతని దగ్గర కొంతమంది జవాన్లు కలిసి దిగిన ఫోటో ఉంది. అందులో నూకరాజు సరిగ్గా ఆ క్షణానికే పక్కకి తిరిగాడు. ఒక చెవి, కాస్త దవడ, ఉన్ని టోపీ కనిపిస్తాయి, అంతే. పక్కనున్నవాడు మాత్రం నిండైన ముఖంతో, దట్టమైన మీసంతో కెమెరా వైపే చూస్తున్నాడు. అతనెవరని అడిగాను. "కన్నడం కుర్రోడు మేడమ్. ఇప్పుడు ఊళ్లో పొలం సేసుకుంటన్నాడు. ఫోన్లు కూడా సేసుకుంటాం" అన్నాడు సింహాచలం.

అంటే బతికే ఉన్నాడని నాకు తెలుసు. అది గుర్తుపెట్టుకోండి.

ఫోటో చూసి శిల్పి, చెవిని బట్టి విగ్రహం చెయ్యలేనమ్మా అన్నాడు. ప్రెసిడెంటు గారు మీసమున్నవాడి మీద వేలు పెట్టి, "ఇతనే కదా?" అన్నారు. అవునన్నాను. క్షణం ఆలోచించాను. అంతకన్నా ఆలోచిస్తే కాదంటానని నాకు తెలుసు. నూకరాజుకి మీసం అంతంత మాత్రమేనని అప్పటికి నాకు నలుగురైదుగురు చెప్పారు. కానీ అందరికీ వీరుడంటే మీసం కావాలి. మీసం ఇచ్చాను. పోలమ్మకి కళ్లు మసకేశాయి, గుర్తుపట్టదులే అనుకున్నాను. ఎంత చవకబారు లెక్కో చూడండి.

ఆవిష్కరణ రోజున మంత్రిగారు ముసుగు లాగారు. చప్పట్లు. మొదటి దండ వీరమాతతో వేయించాలని పోలమ్మని చెక్కమెట్ల మీదికి ఎక్కించారు. పడకుండా పక్కన నేను. ఆవిడ దండ పట్టుకుని ఆ ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"ఈడు నా గుంటడు కాడు" అంది.

"సిమెంటులో అలాగే ఉంటుంది పోలమ్మా. ఎండకి నీకు సరిగా కనపడటం లేదు."

"నా కొడుకు మొకం నాకు తెల్దేటి? మరెవులో ఈడు. టీచరమ్మా, ఈడు బతికున్నాడా? అది సెప్పు సాలు."

"నీ కొడుకే పోలమ్మా."

"ఎవుల కన్నబిడ్డో. బతికున్నోడికి దండెయ్యకూడదమ్మా. ఆలమ్మకి కూడా నాలాగవ్వాలేటి? నానెయ్యను."

కింద ప్రెసిడెంటు గారు గడియారం చూసుకుంటున్నారు. పాపం, మతి చెదిరింది, కానివ్వండి మేడమ్ అన్నారు. నేను ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను. చేపలు కోసి కోసి కాయలు కాచిన చేతులు. గట్టిగా వెనక్కి లాక్కుంది. ఆవిడకన్నా నాకు బలం ఎక్కువ. ఆ చేతులతోనే దండ వేయించాను. మర్నాడు పేపర్లో ఆ ఫోటోయే వచ్చింది. దుఃఖం ఆపుకోలేని తల్లి అని రాశారు.

తర్వాత పోలమ్మ మా సెక్టారుకి రావడం మానేసింది. జెండా పండగలకి విగ్రహానికి ఎవరైనా దండ వేస్తే, వాళ్లు అటు వెళ్లగానే ఇటు ఈవిడ పీఠం ఎక్కి తీసేసేది. పిల్లలు వెనకపడి నవ్వేవారు. కొడుకు విగ్రహాన్ని తట్టుకోలేక పిచ్చెక్కిందని పేటంతా అనుకుంది. అతనితో గోళీలాడినవాళ్లు కూడా ఇన్నేళ్లకి ముఖం మరిచిపోయి, మిలట్రీకి వెళ్లాక మీసం పెంచాడు కాబోలు అనుకున్నారు. చిన్నకొడుకు పరువు పోతోందని బయటికి వెళ్లనివ్వడం మానేశాడు. ఆ పేట మొత్తంలో నిజం మాట్లాడుతున్నది ఆవిడొక్కతే. ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఒకరోజు వెళ్లి చెప్పేద్దామని చీర కూడా కట్టుకున్నాను. చెబితే విగ్రహం దించేస్తారు, ఆ తండ్రిగారు ఎక్కుతారు అని నాకు నేను చెప్పుకుని, మళ్లీ కూర్చున్నాను. నిజంగా అందుకేనా? నా పేరు పోతుందని కాదూ? రెండూ. రెండూ అని ఇప్పుడు చెప్పగలుగుతున్నాను.

విగ్రహం విషయంలో మాత్రం నేనెవరికీ క్షమాపణ చెప్పను. ఈ రోజు ఆటోవాళ్లు నూకరాజు జంక్షన్, నూకరాజు జంక్షన్ అని కేకేసి జనాన్ని ఎక్కించుకుంటున్నారు. సముద్రానికి భయపడ్డ జాలరి కుర్రాడు మంచు కొండకి భయపడలేదని పిల్లలకి తెలుసు. ఇన్నేళ్లు అతని పేరు తలవనివాళ్లు, ముఖం మారిందని ఇవాళ నా మీదికి వస్తారా? రమ్మనండి. సమాధానం చెప్పే ఓపిక నాకింకా ఉంది. మళ్లీ అదే తేదీ, అదే ఫోటో ముందు పెట్టినా బహుశా అవుననే అంటాను.

చేతుల సంగతికే నా దగ్గర జవాబు లేదు.

నిరుడు వానల్లో పోలమ్మ పోయింది. పెద్దకర్మకి వెళ్లాను. గోడకి ఆవిడ ఫోటో, పక్కనే కొడుకు ఫోటో. విగ్రహాన్ని సెల్‌ఫోనుతో తీసి, పెద్దది చేయించి, ఫ్రేము కట్టించారు. ఆ కన్నడ మనిషికి ఆ ఇంట్లో రోజూ దీపం పెడుతున్నారు. మనవరాలు వాళ్ల తమ్ముణ్ణి ఎత్తుకుని, "ఇదిగో, పెదనాన్న, దండం ఎట్టు" అంటోంది. చిన్నకొడుకుని పక్కకి పిలిచి, మీ అన్న ముఖం నీకు గుర్తుందా అని అడిగాను. అన్న పోయేటప్పటికి తను బాగా చిన్నవాణ్ణని, ఇదే కదా ముఖం అని అన్నాడు. నేను తల ఊపాను. అక్కడ కూడా తల ఊపాను. ఆ ఇంట్లో నూకరాజు ముఖం తెలిసిన చివరి మనిషికే మేమందరం కలిసి పిచ్చిదని పేరు పెట్టాం.

ఇంటికొచ్చి సింహాచలానికి ఫోన్ చేశాను. విగ్రహం చూశాడో లేదో, ఇన్నేళ్లలో అతనెప్పుడూ నన్నడగలేదు. ఆ కన్నడ ఆయన ఎలా ఉన్నాడని అడిగాను. "బాగున్నాడు మేడమ్. మొన్ననే మనవడు పుట్టినాడంట" అన్నాడు. ఆయన తల్లి? "ఆవిడకేటి, గట్టిగానే ఉన్నాది" అన్నాడు.

ఆ తల్లి కోసమే పోలమ్మ ఆ రోజు నాతో పెనుగులాడింది. నేను చెప్పాల్సింది ఒక్క ముక్క. ఇప్పుడు మీతో చెబుతున్నాను, గొంతు కొంచెం తెరిపిన పడింది, అంతకుమించి నాకేమీ అక్కర్లేదు. పోలమ్మా, అతను బతికే ఉన్నాడు. వాళ్లమ్మ కూడా ఉంది.