నిలవని బొమ్మ, మామ పందెం

మొన్న మా మనవడు ఆన్‌లైన్‌లో జపాను పాత వీడియోగేమ్ పెట్టె ఒకటి తెప్పించి, గోడకున్న టీవీకి తీగ గుచ్చాడు. గుచ్చగానే రంగురంగుల బొమ్మ వచ్చి నిలబడింది. వాడు సంతోషించాడు గానీ నాకు ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. ఇంత తేలిగ్గా ఎలా వస్తుంది? వంగి టీవీ వెనక చూశాను, తిప్పడానికి ఒక్క మర కూడా లేదు. లేచాను, కూర్చున్నాను, వంటింట్లోకి వెళ్ళి ఎందుకొచ్చానో మరిచి తిరిగొచ్చాను.

మా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు పెట్టెలకూ టీవీలకూ కూడా దేశాలుండేవి. జపాను పెట్టె సెకనుకు అరవై బొమ్మలు పంపేది, మన టీవీ యాభై మాత్రమే పట్టుకునేది, రంగు కలిపే పద్ధతీ వేరే. జాతకాలు ఏ మూలా కలవని సంబంధం.

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. మానేశానని గౌరవం కోసం అంటున్నాను గానీ, చదువే నన్ను చూసి పారిపోయింది. అప్పటినుంచి తెలుగు మగ్గాలవాళ్ళ వాడ నీలం నగర్‌లో మా ఇంటి గడప ముందు ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టడమే పని. వేళ్ళు తునికాకు మీద, మనసు అశోక్ చౌక్‌లో మా మేనమామ నడిపే టీవీ రిపేరు దుకాణం మీద. బీడీలు అప్పగించి వచ్చే దారిలో అక్కడ ఆగి, విప్పిన సెట్లను కళ్ళతో తినేసేదాన్ని. మామ ఎదురు హోటల్లో చాయ్ తాగడానికి వెళ్ళినప్పుడల్లా తీగలు అతికించడం నేర్చుకున్నాను. సన్నటి బీడీ మూతి మడిచే వేళ్ళకు అదేమంత కష్టం కాలేదు. చీరలూ గాజులూ అడగలేదు నేను, ఆ దుకాణంలో ఒక స్టూలు వేసుకుని అందరి ముందూ కూర్చుని పని చేయాలని ఒక్కటే కోరిక.

ఆ రోజుల్లో మా బావ ముంబైలో ఓడల్లో దిగిన విదేశీ సామాను అమ్మే బజారు నుంచి జపాను పెట్టె తెచ్చి మా తమ్ముడికిచ్చాడు. మామ రెండు రోజులు దానితో కుస్తీ పట్టి, ఇది మన దేశానికి పనికిరాదని తేల్చేశాడు. నేను చేస్తానన్నాను. మామ పగలబడి నవ్వాడు.

“ఏందే పోరీ, నాతోని కానిది నీతోని అయితదా? బొమ్మ నిలవెట్టు, నా దుకాణంల స్టూలేసి కూసోవెడత. లేకుంటే మళ్ల దుకాణం మెట్లెక్కద్దు, మంజూరా?”

మంజూరే అన్నాను. పెట్టె విప్పి, అది బొమ్మ పంపే జపాను ఛానెల్ మన టీవీకి అందదు కాబట్టి, లోపల బొమ్మ పుట్టే చోటునుంచి ఒక తీగను చిన్న ట్రాన్సిస్టర్ గుండా లాగి, నేరుగా మా పాత కలర్ టీవీ వీడియో రంధ్రానికి కలిపాను.

పందెం పరీక్ష మగ్గాల సెలవు రోజున పెట్టుకున్నాం. సాంచాల, అదే మరమగ్గాల, చప్పుడు లేక వాడంతా బోసిపోయి, జనమంతా మా ఇంట్లోనే పడ్డారు. బొమ్మ వచ్చింది గానీ నిలబడలేదు; కింది నుంచి పైకి, ఆగకుండా దొర్లిపోతూనే ఉంది. మామ మీసం దువ్వుకున్నాడు.

మా నాయిన పవర్‌లూములు బాగుచేసే జాబర్. ఆయనకు ప్రపంచంలో ఏది చూసినా మగ్గమే. టీవీని కాసేపు తేరిపార చూసి, “గిది మన సాంచ లెక్కనే ఉన్నది బిడ్డా. వేసే పోగులెక్కువ, బట్ట చుట్టుకునుడు మెల్లగ. చక్రం మార్చి చుట్టుడు జోరు పెంచరాదు?” అన్నాడు.

అందరూ నవ్వారు, నేను నవ్వలేదు. టీవీ వెనక దూరి, బొమ్మల జోరు సరిచేసి పట్టి ఉంచే చిన్న మరను మెల్లగా తిప్పాను. దొర్లడం నెమ్మదించింది, వణికింది, ఆగింది. తెరమీద విమానం నిలబడి గుండ్లు పేల్చింది, నలుపు తెలుపుల్లో.

“రంగేదే?” అన్నాడు మామ.

“పందెంల రంగు మాట లేదు మామా. గంతగనం కావాలంటే నీ మీసాలకేసే రంగు జర పొయ్యరాదు!”

ఇల్లు దద్దరిల్లింది. మామ నవ్వలేదు, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

వారం తర్వాత మామ, దుకాణానికి బాగుకొచ్చిన అలాంటి పెట్టెనే ఒకటి చేతిసంచిలో పెట్టి పంపాడు: దుకాణం దాకా ఎందుకు, ఇంటికాడనే చెయ్యమని. ఆ తర్వాత ఎన్ని సంచులు వచ్చాయో! ఎన్నో పెట్టెలు విప్పాను, ఎన్నో బొమ్మలు నిలబెట్టాను. అన్నీ మామ చేతి పనిగానే ఊళ్ళోకి వెళ్ళాయి. ఆనాడు నోరు మూసుకుని ఉంటే స్టూలు దక్కేదేమోనని చాలా ఏళ్ళు నా నాలుకను నేనే తిట్టుకున్నాను. మూసుకున్నా దక్కేది కాదని తెలిసేసరికి మామ లేడు, దుకాణమూ లేదు.

ఇప్పుడు అశోక్ చౌక్‌లో ఫోన్లు బాగుచేసే చోట మన తెలుగు వాళ్ళ అమ్మాయి ఒకతె కూర్చుంటోంది. పనేమీ లేకపోయినా నేను అటుగా వెళ్తుంటాను, కాళ్ళు నిలవవు. ఓ రోజు ఒకాయన ఫోను సరిగా చేయలేదని ఆమెను నిలదీసి తిడుతున్నాడు. ఆమె తల కూడా ఎత్తకుండా ఎదురు జవాబిస్తోంది. చూస్తూ నిలబడిపోయాను. నా పని బాగాలేదని ఇన్నేళ్ళలో ఒక్కరైనా నన్ను తిట్టలేదు. ఆ తిట్లు కూడా మామకే దక్కాయి.