గురువారం లాంచీ

బోర్డుల పెయింటరు తన చేత్తో రాసినన్ని మాటలు ఏ పండితుడూ రాసి ఉండడు. వాటిలో అతను చదివినవి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అతని పని పద్ధతే అలాంటిది. కాగితంలోని అక్షరాలను ఒక్కొక్కటిగా పెన్సిలుతో బోర్డు మీదకు దింపుకుని, ఆ చివర నుంచి ఈ చివరకు ముందు గుండ్రాలన్నీ వేసేసేవాడు. తరువాత తలకట్లన్నీ ఒక దఫా, ఆ తరువాత దీర్ఘాలు, ఆఖరున వత్తులు. అలా వేస్తేనే చెయ్యి ఒక లెక్కలో పడుతుందని, అక్షరం కుదురుగా వస్తుందని అతని నమ్మకం. ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గరి గుమాస్తా పొరపాటున "నొప్పితో పళ్ళు తీయబడును" అని రాసిస్తే, అలాగే దింపేశాడు. డాక్టరు లబోదిబోమంటూ పరిగెత్తుకొచ్చాడు. "కాగితంలో ఏముందో అదే వేశానండీ!" అన్నాడు పెయింటరు, అమాయకంగా. వీధి వీధంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది, అతనూ నవ్వాడు.

రేవులో లాంచీ వేళల బోర్డు కూడా పద్దెనిమిదేళ్ళుగా అతని చేతి పనే. ఎదురుగా ఉన్న దీవికి వారానికి రెండుసార్లు లాంచీ వెళ్తుంది. ఆ దీవిలో అతని వదిన, అంటే భార్యకు అక్క, ఒంటరిగా ఉంటోంది. తల్లి పోయేనాటికి భార్యకు నాలుగేళ్ళు, అక్కకు పదిహేను. జడ వేయడం దగ్గర్నుంచి పెళ్ళి చేయడం దాకా అన్నీ ఆ అక్కే చూసుకుంది. అలాంటి అక్కను చూసి ఆరేళ్ళయింది. ఎప్పుడడిగినా పెయింటరు "వచ్చే నెల వెళ్దాంలే" అనేవాడు. చెడ్డవాడేం కాదు పాపం. వచ్చే నెల ఎక్కడికీ పోదనుకునే రకం, అంతే.

ఒక ఆదివారం ఉదయం వదినే ఫోన్ చేసింది. గుండె బాగా నీరసించిందట, మంచం దిగవద్దన్నారట.

"చెల్లిని ఒక్కసారి చూడాలనుంది మరిదిగారూ, తీసుకురండి," అంది.

ఆవిడ ఎన్నడూ నోరు తెరిచి ఏదీ అడిగిన మనిషి కాదు. పెయింటరు వెంటనే పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి, ప్రయాణమంతా బోర్డంత అందంగా రాసి గోడకు అంటించాడు: గురువారం ఉదయం ఏడూ నలభైకి లాంచీ, పదింటికి దీవి, మళ్ళీ సోమవారం తిరుగు లాంచీ.

"గురువారం దాకా ఎందుకండీ, రేపే పోదాం," అంది భార్య.

"రేపు స్కూలు బోర్డు ఇస్తానని మాటిచ్చానే. గురువారం వెళ్తే నాలుగు రోజులుండొచ్చు. తనివితీరా కబుర్లు చెప్పుకుందురుగాని."

"పోనీ, వేళలేమైనా మారాయేమో, ఆఫీసుకి ఒకసారి ఫోన్ చెయ్యండి."

"నేను రాసిన బోర్డు గురించి నేనే వాళ్ళనడగాలా? నవ్విపోతారు!"

భార్య పెళ్ళయిన కొత్తలో పుట్టింటికి బయలుదేరినట్టుగా, నాలుగు రోజులూ సంచి సర్దుతూ, విప్పుతూ, మళ్ళీ సర్దుతూ కూర్చుంది. మెత్తటి దుప్పటి పెట్టింది. అక్క వంగి కాలి గోళ్ళు తీసుకోలేకపోతోందని విని గోళ్ళ కత్తెర పెట్టింది. బుధవారం సాయంత్రం ఫోన్ చేసి, "రేపు పదింటికల్లా నీ ముందుంటాం అక్కా," అంది.

గురువారం రేవులో పిట్ట మనిషి లేడు. లాంచీ తాళ్ళతో కట్టేసి ఉంది. టికెట్ల కిటికీ మూసి ఉంది. భార్య బోర్డు దగ్గరకు వెళ్ళి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. ఈ నెల ఒకటో తారీఖు నుండి లాంచీ మంగళ, శనివారములలో మాత్రమే నడుపబడును. తెల్లటి నేల మీద నీలం అక్షరాలు, ఒక్కటీ వంకర లేదు. మూడు వారాల కిందట నిచ్చెన మీద నిలబడి వాటిని వేసింది పెయింటరే.

"అయితే మొన్న మంగళవారం వెళ్ళిందన్నమాట," అంది భార్య.

నలుగురిలో నిలబెట్టి తిట్టినా బాగుండేదనుకున్నాడు పెయింటరు. ఈదురుగాలుల రోజులు కావడంతో చిన్న పడవలు వేసేవాళ్ళు లేరు. అక్కకు ఫోన్ చేస్తే మోగుతోందే తప్ప ఎవరూ తీయడం లేదు. పగలంతా చేస్తూనే ఉన్నారు. శుక్రవారం మధ్యాహ్నం దీవి నుంచే ఫోన్ వచ్చింది. చేసింది పక్కింటావిడ. అక్క పోయిందని చెప్పింది.

శనివారం లాంచీలో మొగుడూ పెళ్ళాలిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. దీవిలో ముందుగదిలోనే వదినను పడుకోబెట్టి ఉంచారు. భార్య ఆ తల పక్కన కూలబడింది. పక్కింటావిడ ఆమె భుజం పట్టుకుని ఏడ్చేసింది.

"గురువారం పొద్దున్నే తల దువ్వించుకుందమ్మా. రేవుకి తీసుకెళ్ళి కుర్చీ వెయ్యమంది. ఆ హడావిడిలో ఫోన్ కూడా ఇంట్లోనే వదిలేసింది. ఇవాళ లాంచీ రాదు తల్లీ అని మేమంతా మొత్తుకున్నాం. వింటేనా! 'అక్కడ బోర్డు రాసేదే మా మరిదిగారు, ఆయనకంటే మీకెక్కువ తెలుసా?' అని మమ్మల్నే కసురుకుంది. సాయంత్రం దాకా ఆ గాలిలో అలాగే కూర్చుంది."

పెయింటరుకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది. సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ అతన్ని చూసి పక్కింటావిడ సామాను మోసుకొచ్చిన మనిషి అనుకుంది కాబోలు.

"ఇంతకీ ఆ మరిదిగారు రాలేదా అమ్మా?" అని అడిగింది.

భార్య వెనక్కి తిరిగి చూడలేదు. అక్క చెంప నిమురుతూ ఉండిపోయింది.

"వచ్చానమ్మా," అన్నాడు పెయింటరు. "నేనే. ఆ బోర్డు నేనే రాశాను గాని, చదవలేదు."