శాంపిళ్లు తినే బాబాయి

మా బాబాయి శాంపిళ్లు తింటాడు. అదొక్కటి తప్ప మనిషిలో లోపం వెతికినా దొరకదు.

చదువు మధ్యలో వదిలేసిన నన్ను తను పనిచేసే ల్యాబులో మూడు నెలల షరతు మీద పెట్టించింది ఆయనే. అక్కడ తయారయ్యేది చొక్కా గుండీ అంత కెమెరా. దాని లెన్సు చదునైన గాజుపెంకు. పైన కంటికి కనపడని స్తంభాలు లక్షల్లో ఉంటాయి. అవి ఒక్కో రంగునూ ఒక్కో చోటికి తోసేస్తే, బొమ్మ తడిచేత్తో తుడిచిన పలకలా అలుక్కుపోతుంది. ఆ అలుకుడులోంచి కంటికందని రంగులతో సహా ఏది ఎంతుందో న్యూరల్ నెట్‌వర్క్ అనే నేర్చుకునే ప్రోగ్రాం విడదీస్తుంది. ఆపిల్ కోయకుండానే లోపల కుళ్లిందో లేదో చెప్పేయాలి.

దానికి నేర్పాలంటే ముందు మనకు నిజం తెలియాలి. అది నా పని. మూడు వందల ఆపిళ్లకు నంబర్లంటించి, ఫోటో తీసి, కోసి, మంచిదో కుళ్లో పట్టికలో రాయడం. ముక్కలు నంబర్ల వారీగా ట్రేలో పెట్టి ఇటు తిరిగేసరికి బాబాయి నములుతుండేవాడు. కోసిన గంటకు మంచి ముక్కా, కుళ్లు ముక్కా ఒకే గోధుమరంగు. ఆయనకా తేడా అక్కర్లేదు.

"కుళ్లిందది బాబాయ్."

"చూస్తున్నాగా," అనేవాడు, నములుతూనే.

ల్యాబంతా ఆయన్ని ఉడత అనేవాళ్లు. ఇంట్లో పిన్ని గొడవ వేరు. నేను చేరినప్పటినుంచే ఆయనకు ఆకలి చచ్చిందనీ, ఎవరి చేతివంటకో మరిగాడనీ నన్ను నిలదీసింది. ఆపిళ్లు తింటున్నాడంటే నమ్మలేదు.

పరీక్ష రోజు వచ్చింది. పది గంటలకు కోల్డ్ స్టోరేజీవాళ్లు వస్తారు. కెమెరా తప్పు చెబితే ప్రాజెక్టు మూత, నా ఉద్యోగమూ హుళక్కి. తొమ్మిదిన్నరకు ఊరికే కూర్చోలేక నా పట్టిక తెరిచాను. మూడు వందల ఆపిళ్లకు మూడు వందల ఒక్క వరసలున్నాయి. నలభై ఒకటోది ఖాళీగా వదిలేశాను. అక్కణ్ణించి అన్నీ ఒక గడి కిందికి జారాయి. అంటే నెట్‌వర్కుకు నేను నూరిపోసింది అబద్ధాలు.

బాబాయి చెవిలో చెప్పాను. ఆయన జేబులోంచి ఆపిల్ ముక్క తీసి కొరికి, "కూర్చో," అన్నాడు. కూర్చున్నాను.

వచ్చినవాళ్లలో పెద్దాయన నున్నగా మెరిసే ఆపిల్ ఒకటి ఏరి కెమెరా ముందు పెట్టాడు. తెర మీద 'లోపల కుళ్లు' అని వచ్చింది. ఆయన నవ్వాడు. ల్యాబు నడిపే మా మేడం ముఖంలో నెత్తురు లేదు. నేను చేరాక మొదటిసారి బాబాయి నమలడం ఆపాడు.

కత్తి దిగింది. గింజల చుట్టూ నల్లటి కుళ్లు. తర్వాత పదకొండు పెట్టారు. పదకొండూ నిజమే.

వాళ్లు వెళ్లాక, ఇదెలా జరిగిందో అర్థంకాక బాబాయి బల్ల సొరుగు లాగాను. నా పట్టికే, ప్రింటు తీసి ఎర్ర పెన్నుతో దిద్ది ఉంది. '41, తీపి. 42, కుళ్లు. 43, తీపి. 44, కుళ్లు, కడుపులో తిప్పింది.' అలా మూడు వందల దాకా. నెట్‌వర్కుకు వెళ్లింది ఈ దిద్దిన పట్టిక.

"ఐదారు తింటేనే వరస జారిందని తెలిసేదిగా. మిగతావెందుకు తిన్నావ్?"

"ఇంకోచోట జారలేదని గ్యారంటీ ఏంటి? రాసింది నువ్వు."

"నాకు చెప్పొచ్చుగా."

"చెబితే ఉండేవాడివా? కాలేజీలో ఒక్క పేపరు పోతేనే సంచి సర్దుకొచ్చేశావ్."

అది నిజమే.

ఆ కాగితాలు పిన్నికి చూపించాను. ఒక్కో ఎర్ర అక్షరం చదివి, ఆయనకు ఇంకో గరిటె అన్నం ఎక్కువ వడ్డించింది. బాబాయి చాలా రోజుల తర్వాత కంచం ఖాళీ చేసి నావైపు చూశాడు.

"వచ్చే వారం పచ్చిమిరపకాయలొస్తున్నాయిరా. మూడు వందలు. ఈసారి కాస్త వరస చూసుకుని రాయి."