నడింట్లో కుంపటి

మా ఇంట్లో కాలం మారిందని ఎవరూ క్యాలెండరు చూసి చెప్పేవాళ్ళు కాదు. మా నాన్నను కన్న అవ్వ పడక ఎక్కడుందో చూస్తే సరిపోయేది. ఎండాకాలం ఆమె మంచం వాకిట్లో ఉండేది. వానలు మొదలయ్యాక పంచలోకి జరిగేది. కార్తీకం దాటి, మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వచ్చే రోజులు రాగానే గొంగడి చుట్టుకుని నడింట్లో పడమటి మూలకు చేరేది. నాన్న పుట్టింది ఆ మూలలోనే, తాత పోయిందీ అక్కడే. అవ్వ అక్కడ పడుకుని చలిని నోరారా తిట్టేది. ఆ తిట్లు వింటేనే నాకు చలికాలం వచ్చినట్టుండేది. రాయలసీమ అంటే ఎండలే అనుకునేవాళ్ళను ఒక్క పుష్యమాసం మా పుంగనూరు వైపు తీసుకొచ్చి పంచలో పడుకోబెట్టాలి. అప్పుడు తెలుస్తుంది.

ఎనభైల మొదట్లో మా చౌడేపల్లె చుట్టుపక్కల చాలామంది వానను నమ్మి చెనిక్కాయలు వేసీ వేసీ విసిగిపోయారు. మల్బరీ నాటి పట్టుపురుగుల్లోకి దిగారు. కుప్పంలో ఉండే మా మేనమామ వచ్చి పని నేర్పించాడు. వేరే షెడ్డు కట్టే తాహతు లేదు కాబట్టి నడిల్లు పురుగులకిచ్చేశాం. గోడల పొడుగునా కర్రల స్టాండ్లు, వాటిమీద వెదురు తట్టలు, చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు. పురుగు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఘాటైన పోపు పెట్టకూడదు, తల్లో మల్లెపూలు ఉండకూడదు. బీడీ తాగే చుట్టానికి వాకిట్లోనే మర్యాదలు. కొత్త కోడలిగా వచ్చినప్పుడు కూడా తనకు ఇన్ని కట్టుబాట్లు లేవని అమ్మ నవ్వేది.

ఆ ఏడాది చలి ముదిరిన రోజుల్లో అవ్వకు జ్వరం తగిలింది. ఆపైన విడవని దగ్గు. అప్పటికి పురుగులు పెద్దవై చివరి మేతలో ఉన్నాయి. చలికి పురుగు మేత మానేస్తుందని నడింట్లో బొగ్గుల కుంపటి ఆరనివ్వకుండా ఉంచేవాళ్ళు. అవ్వ మాత్రం పంచలో, గోనెపట్టాలు కట్టిన చాటున ఉండేది. ఆమె ఛాతీకి కర్పూరం కాచిన నూనె రాస్తున్నాం. ఆ వాసన పురుగుకు పడదు. అందుకే ఆమెను లోపలికి తీసుకుపోలేకపోయాం. నేను ఆమె పక్కలో పడుకునేదాన్ని. నడింటి తలుపు కింద సందులోంచి వచ్చే వెచ్చటి గాలి మా కాళ్ళకు తగిలేది. ఆ పురుగుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇంటి పెద్దదానికి లేని వెచ్చదనం వాటికెందుకని అమ్మను అడిగాను. అమ్మ నేరుగా నాన్న దగ్గరికి పోయింది.

"అత్తను లోపలికి తెచ్చుకుందాం. తట్టలు వంటింట్లోకి మారిస్తే పోలా?" అంది.

"వంటింటి పొగకు ఒక్కటీ మిగలదు. ఈ పంట పోతే మళ్ళా లేచేది యాడ? పురుగు పండితే సంద్రికల మీదికి ఎక్కిస్తాం. అప్పుడు గదంతా అమ్మకే," అన్నాడు నాన్న. గూడు కట్టడానికి పురుగుల్ని వదిలే వెదురు చాపలే చంద్రికలు. ఆ మాటలంటున్నప్పుడు ఆయన అమ్మ ముఖం చూడలేదు.

పంచలోంచి అవ్వ అందుకుంది. "నాకోసరం యాల కొట్లాడతారు? అవి నోరు లేని పసిబిడ్డలు. సలేస్తే సెప్పుకోలేవు. నేనైతే తిట్టుకుంటాను గదా."

అయితే చలికి పురుగు పండడం ఆలస్యమైంది. నాన్న పొద్దున్నే ఒక పురుగును అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు పట్టి చూసేవాడు. పండిన పురుగు పసుపు తిరిగి, అద్దంలా లోపలిదంతా కనిపిస్తుంది. ఇంకా కాలేదని తలాడించి, తల్లి నుదురు తాకి, మళ్ళీ ఆకు కోయడానికి పోయేవాడు. ఈలోగా అవ్వ చలిని తిట్టడం మానేసింది. నాకు భయమేసింది.

చివరికి ఒక ఉదయం పురుగులు పండి తలలెత్తాయి. ఇంటిల్లిపాదీ వాటిని ఏరి చంద్రికల మీద వేశాం. వాటిని పంచలో గోడకు ఆనించి, చుట్టూ గోనెపట్టాలు కట్టారు. అమ్మ నడిల్లు ఊడ్చి, పేడతో అలికి, మంచం వేసింది. నాన్న అవ్వను రెండు చేతులా ఎత్తుకుని తెచ్చాడు. ఎంత తేలికైపోయిందో ఆయన ముఖం చూస్తే తెలిసింది. కుంపటి మంచం పక్కకు జరిపాడు.

అవ్వ కళ్ళు తెరిచి ఖాళీ స్టాండ్ల వైపు చూసింది.

"పురుగులు యాడుండాయి?"

"పంచలో ఉండాయమా. గూడు కడతాండాయి."

"సలిలోనా?"

నాన్న కుంపటిలో బొగ్గులు ఎగదోశాడు.

"కుంపటి ఆడ పెట్టు నాయినా. కట్టేటప్పుడు సలి తగిలితే సగంలో నిలిపేస్తాయి. ఇన్ని దినాలు కాసుకున్నింది అందుకా?"

ఆయన కదల్లేదు. ఆమె చూపు తిప్పలేదు. కాసేపటికి నాన్న గుడ్డతో కుంపటి పట్టుకుని బయటికి తీసుకుపోయాడు. అమ్మ తన దుప్పటి కూడా అవ్వ మీద కప్పి, పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది. మధ్యాహ్నం ఎండ వాకిట్లోకి వచ్చేసరికి అవ్వ పోయింది.

గూళ్ళు చక్కగా కట్టాయి. మదనపల్లె మార్కెట్టులో వాటిని చేత్తో నొక్కి చూసినవాళ్ళు చలికాలంలో ఇంత గట్టి గూడా అని మెచ్చుకున్నారట. ఆ మాట అమ్మకు చెప్పి నాన్న పంచలో కూలబడి ఏడ్చాడు. అంత పెద్దమనిషి ఏడవడం నేను చూడటం అదే మొదలు.

తర్వాత ఆయన చాలా పంటలు తీశాడు. ఊళ్ళో మంచి రైతని పేరు తెచ్చుకున్నాడు. చలికాలంలో మాత్రం మళ్ళీ ఎన్నడూ పురుగు పెట్టలేదు. ఎవరైనా అడిగితే ఆకులో సత్తువ లేదప్పా అనేవాడు. బావి కింద తోటలో ఆకు నిగనిగలాడుతూ ఉండేది. మేమెవరమూ మారు పలికేవాళ్ళం కాదు.